తలాపున నిలబడ్డ కోడలు

నేను పనిచేసిన ఆసుపత్రి ఇప్పుడు లేదు. ఆ భవనాన్ని పెళ్లి మండపంగా మార్చారు. ఆపరేషన్ థియేటర్ ఉన్న చోట పెళ్లికూతురి గది, నా ఫిజియోథెరపీ గది ఉన్న చోట వంటిల్లు. ఈమధ్య ఒక పెళ్లికి వెళ్లి, ఎంతోమందిని నడిపించిన ఆ గది గుమ్మంలో నిలబడి పులిహోర తిన్నాను. బాగుంది. అనంతపురం జిల్లాలో అది ఏ ఊళ్లో ఉందో మాత్రం చెప్పను. ఇందులో వచ్చే వాళ్లందరి దగ్గరా నా ఫోన్ నంబరు ఉంది.

కొత్తగా ఆసుపత్రి ఉద్యోగాల్లోకి వచ్చే పిల్లల కోసం రాస్తున్నాను కాబట్టి, నా పనేమిటో ముందే చెప్పడం మంచిది. ఎముకల డాక్టరు ఆపరేషన్ చేస్తాడు, రోగి ఆయనకు దండం పెడతాడు. మరునాడు నేను వెళ్లి "లేవండి, నడుద్దాం" అంటాను, రోగి నన్ను తిడతాడు. సర్వీసంతా ఇంతే. తిట్టడం మొదలుపెట్టాడంటే మనిషి బాగుపడుతున్నాడని లెక్క. అందుకే ఒక రోగి నన్ను తిట్టడం మానేసిన రోజు నాకు అనుమానం వచ్చింది.

ఆయన కణేకల్ పక్క పల్లెలో పెద్ద రైతు. గాటిపాట్లో, అంటే పశువుల కొట్టంలో, కాలు జారి తుంటి ఎముక విరిగింది. ఊళ్లో పొలాల గెట్టు తగాదా వచ్చినా, అన్నదమ్ములు విడిపోయినా ఆయన అరుగు మీదికే వచ్చేవాళ్లట. ఆయన ఒక మాట అంటే ఇక దాని మీద రెండో మాట లేదు. భార్య లేదు. ఒక కొడుకు, ఒక కూతురు. కూతుర్ని రాయదుర్గంలో ఇచ్చారు, అల్లుడికి అక్కడ జీన్స్ ప్యాంట్లు కుట్టించే షెడ్డు ఉంది. ఆసుపత్రిలో ముసలాయన దగ్గర ఉండి చూసుకునేది కోడలు. కొడుకు పగలంతా పొలం పనుల మీద తిరిగి, సాయంత్రానికి మోటార్ సైకిల్ మీద వచ్చేవాడు. వానలు పడే రోజులు. చెనక్కాయ విత్తనం వేసే అదను తప్పితే ఆ ఏడాది తప్పినట్టే.

ఆ కోడలి గురించి చెప్పాలి. నడివయసు మనిషి. పాలేర్లకు కూలి ఇచ్చేదీ, ఎరువుల కొట్టువాడితో పోట్లాడేదీ ఆమే. కానీ ఆ ఇంటి పద్ధతిలో కోడలు మామ ఎదుట నిలబడకూడదు, ఆయనతో నేరుగా మాట్లాడకూడదు. ఆయన అరుగు మీదుంటే ఆమె పెరటి దారిన పోవాలి. కంచం పెట్టి తలుపు చాటుకు తప్పుకోవాలి. చెప్పాల్సిందేమైనా ఉంటే మొగుడితో చెప్పించాలి. పెళ్లయినప్పటి నుంచి అలాగే జరిగింది. మా వార్డులో చాటుకు తలుపు లేదు. అందుకని ఆమె మంచానికీ గోడకీ మధ్య ఉన్న సందులో, ఆయన తలాపున నిలబడేది. కొంగు తల మీదికి లాక్కుని, వెనక నుంచే చెయ్యి చాపి గ్లాసు అందించేది. మాట లేదు. ఇది మేమందరం చూశాం. పద్ధతైన మనిషి అనుకున్నాం.

మొదట్లో ముసలాయన బాగానే ఉన్నాడు. నన్ను తిట్టడంలో మంచి పట్టు చూపించాడు. మా వంశంలో ఎవరినీ వదల్లేదు. తర్వాత ఒక సాయంత్రం వెళ్లేసరికి దుప్పటి అంచు పట్టుకుని లాగుతున్నాడు. "మోటారు ఆపప్పా, కాలవ తెగిపోతాండాది" అన్నాడు. లేపి కూర్చోబెట్టబోతే నా భుజం మీద చరిచి "హో, హో, ఎడం పక్కకు తిరుగు" అన్నాడు. నన్ను ఎద్దు అనుకుంటున్నాడని అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. పొద్దున వెళ్తే మళ్లీ మామూలు మనిషి. సాయంత్రానికి మళ్లీ నేను ఎద్దుని.

ఎముకల డాక్టరుకు చెబితే ఆయన ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూశాడు. "ఎముక బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు. నిజమే, అంత చక్కగా అతికిన ఎముకను నేను తక్కువ చూశాను. దాని చుట్టూ ఉన్న మనిషి సంగతే తేలలేదు. ముసలాయన డ్రిప్పు సూది పీకేస్తున్నాడని హెడ్ సిస్టర్ గాజుగుడ్డతో చేతులు మంచానికి కట్టించింది. నిద్రకు ఇంజెక్షన్ రాశారు. దాంతో ఆయన పగలు మత్తుగా పడుకుని, చీకటిపడే వేళకు కట్లు తెంచుకోవడానికి పెనుగులాడేవాడు. పిచ్చాసుపత్రికి పంపించే చీటీ కూడా తయారైంది.

అంతలో కూతురు చూడ్డానికి వచ్చింది. సరిగ్గా అప్పుడే తలాపు నుంచి గ్లాసు వచ్చింది. ముసలాయన తల పక్కకు తిప్పేసి, వార్డంతా వినపడేలా అరిచాడు.

"తాగనప్పా! విషం పోసినారు దాంట్లో. ఈ యమ్మ నన్ను సంపల్లని చూస్తాండాది."

వేరే మనిషి అయితే జబ్బులో ఏదో అన్నాడని సరిపెట్టుకునేవాళ్లు. ఆయన అబద్ధం చెప్పడని పేరు. కూతురు కోడలి చేతిలో గ్లాసు లాక్కుని కిందకొట్టింది. మరునాటికి రెండు జీపుల్లో బంధువులు దిగారు. కోడల్ని వార్డులోకి రానివ్వలేదు. ఆమె నా గది బయట బల్ల మీద కూర్చుంది. ఏడవలేదు. నేను మంచినీళ్లు ఇస్తే తీసుకుని పక్కన పెట్టుకుంది.

బంధువుల నిర్ణయం ఏమిటంటే, ముసలాయన్ని డిశ్చార్జి చేయించుకుని రాయదుర్గం కూతురి ఇంటికి తీసుకుపోవడం. కోడల్ని పుట్టింటికి పంపించి, తర్వాత పెద్దమనుషుల్లో పంచాయితీ పెట్టడం. కొడుకు నా దగ్గరికి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"మా నాయన అబద్ధం చెప్పడు సార్. నా పెండ్లాం అట్లాంటి మనిషి కాదు. నేనేం చేయల్ల?"

తుంటికి, మోకాలికి అయితే ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. బయట బల్ల మీద ఆమె ఇంకా కూర్చునే ఉంది. ఇన్నేళ్లు ఒక ఇంటిని మోసిన మనిషి ఒక్క మాటతో ఆ ఇంటికి కాకుండా పోతోంది.

ఆ నెలే మా ఆసుపత్రికి కొత్తగా ఒక ఫిజీషియన్ వచ్చింది. గుంటూరు వైపు అమ్మాయి. మా పద్ధతులు ఆమెకు ఇంకా తెలియవు. మా పద్ధతి ఏమిటంటే, ఒక్కొక్కరం ఒక్కో వేళకు రోగి దగ్గరికి వచ్చి, ఎవరి ముక్క వాళ్లు చూసుకుని పోవడం. ఎముక డాక్టరుది, మందు సిస్టర్‌ది, కాలు నాది. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టకపోవడాన్ని మేం మర్యాద అనుకునేవాళ్లం. ఆ అమ్మాయి వచ్చి, మమ్మల్ని అందర్నీ ఒకేసారి మంచం దగ్గరికి రమ్మంది. ఎముకల డాక్టరు గడియారం చూసుకుంటూ వచ్చాడు. హెడ్ సిస్టర్ చేతులు కట్టుకుని నిలబడింది. మా ఆసుపత్రి మందుల షాపాయన ఈ వార్డులోకి రావడం అదే మొదటిసారి, ఏ మంచమో తెలియక తిరిగి తిరిగి వచ్చాడు. కొడుకూ కూతురూ కూడా అక్కడే ఉన్నారు.

ఫిజీషియన్ ముసలాయన్ని వారాల పేర్లు వెనక నుంచి చెప్పమంది. ఆయన ఆమె వైపు జాలిగా చూశాడు.

"వారాలు ఎందుకు మేడం, కార్తెలు అడగండి. నిద్రలో లేపినా చెప్పే మనిషి" అన్నాను నేను.

"రోహిణి," అన్నాడు ముసలాయన. "మిరుగు." మృగశిర దాకా వచ్చి ఆరుద్ర దగ్గర ఆగిపోయాడు. ఫ్యాను వైపు చూస్తూ, "మోటారు ఆపలేదా ఇంకా?" అన్నాడు.

"ఇది పిచ్చి కాదు," అందామె. "దీన్ని డెలీరియం అంటాం. మీ ఇళ్లల్లో సంధి ప్రేలాపన అంటారే, అదే. ఉన్నట్టుండి వస్తుంది, పూటకోలా ఉంటుంది, మనసు ఒక చోట నిలవదు. ఒంట్లో ఏదో తేడా చేస్తే మెదడు తడబడుతుంది. ఆ తేడా పట్టుకుంటే చాలామంది మామూలు మనుషులవుతారు. మీలో ఎవరికి ఏం తెలుసో చెప్పండి."

ఇక బయటపడ్డాయి ఒక్కొక్కటీ. మూత్రం బాగా తగ్గిందనీ, రంగు మారిందనీ హెడ్ సిస్టర్ చెప్పింది. "ఎవరికీ చెప్పలేదేం?" అన్నాడు ఎముకల డాక్టరు. "మీకే చెప్పినా సార్. మీరు ఎముక బాగుండాది అన్నారు" అందామె. ముసలాళ్లను మత్తులో ముంచే మందులు రెండు కలిసి పోతున్నాయని మందుల షాపాయన చెప్పాడు. వ్యాయామం చేయిస్తుంటే ఆయన నా చెయ్యి కాకుండా గాలిని పట్టుకుంటున్నాడని నేను చెప్పాను. అప్పుడు కొడుకు జేబులోంచి కళ్లద్దాలు తీశాడు. ఆపరేషన్ ముందు తీసి ఇచ్చారట, పగిలిపోతాయని జాగ్రత్త చేశాడట.

"నీళ్లెందుకు తాగడం లేదు?" అని ఫిజీషియన్ అడిగింది.

కొడుకు నేల చూపులు చూశాడు. "పగులంతా తాగడు మేడం. నేను వచ్చినాకనే తాగతాడు. నీళ్లు తాగితే ఒంటికి పోవల్ల గదా. వార్డు బాయిని పిల్సల్లంటే ఆ యమ్మతో చెప్పల్ల. కోడల్ని యట్లా అడగతాడు?"

మా జిల్లాలో నీళ్లు లేక ఎండిపోవడం కొత్త కాదు. పక్కనే నిండు బిందె పెట్టుకుని, మర్యాద కోసం ఎండిపోయిన మనిషిని మాత్రం నేను అప్పుడే చూశాను.

"మరి విషం మాటేంది?" అంది కూతురు. ఆమె అడగాల్సిందే అడిగింది.

ఫిజీషియన్ అటూ ఇటూ చూసి, కోడలు ఎక్కడ నిలబడి గ్లాసు ఇస్తుందో చూపించమంది. హెడ్ సిస్టర్ తలాపు సందులోకి వెళ్లి నిలబడింది. పక్క మంచం ఖాళీగా ఉంది. "సార్, మీరొకసారి పడుకోండి. అద్దాలు తీసేయండి" అంది ఫిజీషియన్, ఎముకల డాక్టరుతో. ఆయన మా అందరికంటే పెద్ద. ఆయన్ని పడుకోమన్నవాళ్లు అప్పటిదాకా లేరు. ఏమనుకున్నాడో, బూట్లతోనే పడుకున్నాడు. హెడ్ సిస్టర్ అటు వైపుకు జరిగి, ఒక్క మాట లేకుండా తల వెనక నుంచి గ్లాసు ఆయన నోటి దగ్గరికి తెచ్చింది.

ఎముకల డాక్టరు ఉలిక్కిపడి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. నీళ్లు మెడ మీద పడ్డాయి. "ఎవరది?" అన్నాడు.

ఎవరో ఆయనకు తెలుసు. ఆమె అక్కడికి వెళ్లడం చూసే పడుకున్నాడు. కొంచెం సేపు అలాగే పడుకుని, తర్వాత లేచి అద్దాలు పెట్టుకుని, ముసలాయన మంచం దగ్గరికి వెళ్లి చేతికట్లు తనే విప్పడం మొదలుపెట్టాడు. ఆయన మీద నాకు ఎన్నో కోపాలు ఉండేవి. ఆ నిమిషంలో కొన్ని పోయాయి.

కూతురు మాత్రం లొంగలేదు. "మా నాయనకు మతి పోయింది అంటారా?"

"పోలేదమ్మా. పిచ్చి కాదు."

"పిచ్చి లేదంటే నిజం చెప్తాండాడనే గదా!"

చదువుకున్న తర్కం అంతా ఒక వైపు, ఆ ఒక్క ప్రశ్న ఒక వైపు. నేను కల్పించుకోక తప్పలేదు.

"అమ్మా, నిన్న సాయంత్రం మీ నాయన నన్ను ఎడం పక్క ఎద్దు అన్నాడు. అదీ నిజమేనా?"

ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసింది. జవాబుకు అంత సేపు తీసుకోవాల్సిన అవసరం లేదని నాకనిపించింది. చివరికి, "రెండు దినాలు చూస్తాం" అంది.

మందులు మార్చారు, డ్రిప్పు మళ్లీ పెట్టారు, అద్దాలు పెట్టారు, మంచం కిటికీ పక్కకు జరిపారు. వార్డు బాయిని అడక్కుండానే వేళకు రమ్మన్నారు. ఇంకొకటి మిగిలింది. కోడలు వచ్చి, ఆయన ఎదురుగా నిలబడి, తానెవరో చెప్పి, నీళ్లివ్వాలి. తెలిసిన మనిషి ముఖం, గొంతు కావాలంది ఫిజీషియన్. నేను బల్ల దగ్గరికి వెళ్లి చెప్పాను.

"ఇన్నేండ్లు ఎదురు నిలబడలేదు సార్," అందామె. "ఈ మాట పడినాక ఇప్పుడు పోయి నిలబడితే ఏమంటారు? తెగించినాది అంటారు."

నా వెనకే వచ్చిన హెడ్ సిస్టర్ ఆమె పక్కన కూర్చుంది. మా హెడ్ సిస్టర్ మాట మెత్తనిది కాదు. "నిలబడితే తెగించినాది అంటారు. నిలబడకపోతే తప్పు చేసినాది కాబట్టే మొగం చూపీలే అంటారు. యట్లైనా అంటారు. పోతే ఆయప్ప నీళ్లన్నా తాగతాడు. లెయ్."

ఆమె లేచింది. వార్డులో బంధువులందరూ చూస్తుండగా మంచం ముందుకు వచ్చి నిలబడింది. కొంగు కాస్త వెనక్కి జరిపింది. ముసలాయన అద్దాల్లోంచి చాలా సేపు చూశాడు.

"ఎవురమ్మా నువ్వు?"

అది మతిభ్రమో, నిజంగానే అడుగుతున్నాడో నాకు ఈరోజుకీ తెలియదు. ఆమె ముఖం ఆయన అంత దగ్గరగా ఎప్పుడు చూశాడు గనక? కూతురు పెదవి కొరుక్కుంది.

"మామా, నేను. మీ కోడల్ని," అందామె. "వాన పడినాది. దిగువ చేను పదునుగా ఉండాది. విత్తనం ఎయ్యల్లనా, ఇంగో వాన చూడల్లనా? మీ కొడుకుకు తెలీలేదు. మీరు చెప్పల్ల."

ముసలాయన ఫ్యాను వైపు చూడ్డం మానేశాడు. ఆ గొంతు ఆయనకు తెలుసు. రోజూ పాలేర్లను అన్నానికి పిలిచే గొంతు.

"పదును ఎంత లోతు దిగింది?" అన్నాడు.

ఆమె చెయ్యి చాపి, తడి ఎంత లోతుకు దిగిందో వేళ్లతో కొలత చూపించింది. ఆయన అది చూసి, ఆలోచించి, "ఎయ్యమను" అన్నాడు. ఆమె ముందు నుంచి గ్లాసు అందించింది. తాగాడు.

దాంతో అంతా బాగైపోయిందనుకోకండి. ఆ సాయంత్రం నేను మళ్లీ ఎద్దునే. మరునాడు కూడా. కానీ మోటారు మాట తగ్గింది, నిద్ర పట్టింది, మూత్రం రంగు తేరింది. ఒక పొద్దున నేను వాకరు తీసుకుని వెళ్తే, "వచ్చినావా, యముని మాదిరి" అని మొదలుపెట్టి మా తాత దాకా వెళ్లాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. హెడ్ సిస్టర్ చూసి, దుమ్ము పడిందా అని అడిగింది. అవునన్నాను.

కొత్తవాళ్లకు చెప్పాల్సిన పాఠం ఇంతే. ముసలి మనిషి ఉన్నట్టుండి మాట మారిస్తే, ఆ మాట నిజమా అబద్ధమా అని కాదు, ఆ మనిషికి ఏమైందని చూడండి. చూసేటప్పుడు ఒక్కరే చూడకండి. ఆ తర్వాత మేం రోజూ పొద్దున కాసేపు మంచం దగ్గర కలిసి నిలబడేవాళ్లం. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టుకునేవాళ్లం. మర్యాద కాస్త తగ్గింది, పని జరిగింది.

మతి తేరాక ముసలాయన ఇంతమంది బంధువులు ఎందుకొచ్చారని అడిగాడు. ఎవరూ చెప్పలేదు. నన్ను అడిగితే "కాలు ముందుకు వెయ్యండి" అన్నాను. చివరికి కూతుర్నే అడిగాడు. ఆమె తల వంచుకుని ఉన్నదున్నట్టు చెప్పింది. తానేమందో కూడా చెప్పింది. ఆయన మంచం మీద కూర్చుని చాలా సేపు చేతులు చూసుకున్నాడు.

"ఎవురెవురు విన్నారు?" అని అడిగాడు.

"అందురూ," అంది కూతురు.

డిశ్చార్జి రోజు నేను కొడుక్కి గట్టిగా చెప్పాను. జీపు ముందు సీటు వెనక్కి జరపాలి, కింద దిండు వెయ్యాలి, దారిలో ఎక్కడా దించకూడదు, నేరుగా ఇంటికి. కొడుకు బుద్ధిగా తలూపాడు. మధ్యాహ్నం భోజనం చేస్తుంటే ఫోన్ వచ్చింది.

"సార్, నాయన జీపు ఆపమంటాండాడు. దిగతాండాడు, ఎక్కతాండాడు. కాలికేమన్నా అయితాదా?"

"ఎందుకు దిగుతున్నాడు?"

"దారిలో మా బంధువుల ఇండ్లు ఉండాయి సార్. ఆసుపత్రికి వచ్చినోళ్లందురివీ. ఒక్కో గడప కాడ వాకరు పట్టుకోని నిలబడి చెప్తాండాడు. 'నా కోడలు నాకు విషం పెట్టలే. నాకే మతి తప్పింది. నేనన్న మాట తప్పు' అని. కూర్చోమంటే కూర్చోడు. చెప్తాడు, వచ్చి జీపెక్కతాడు."

"ఆయన్ని జీపులోనే కూర్చోబెట్టి, వాళ్లనే బయటికి రమ్మనండి."

"చెప్పినా సార్. మాట అన్నోన్ని నేను, నేనే దిగల్ల అంటాడు."

ఫోన్లో వెనక నుంచి ఒక ఆడగొంతు గట్టిగా వినబడింది. "మామా, ఆ కాలు కాదు, ఈ కాలు! నిదానం! నన్ను పట్టుకోండి!"

"ఇంకా ఎన్ని ఇళ్లున్నాయి?" అని అడిగాను.

"ఊరు ఇంకా రాలే సార్."

ఫిజియోథెరపిస్టుగా నేను చెప్పాల్సింది వేరే. సీటు మీద దిండు ఇంకొకటి వేసి, కానీయమని చెప్పాను.